బంద్ నాడు నడిచిన డాలర్

జనగామ చౌరస్తాలో బస్సు ఆగింది. కిటికీ పక్కన కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్న నేను ఊరికే తలెత్తి బయటకు చూశాను. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద సార్ మొహం! పైన రెండు మూలల్లో రెండు దీపాలు, కింద పెద్ద అక్షరాలతో ‘అశ్రునివాళి’. పల్లీలన్నీ ఒళ్లో పడిపోయాయి. “అయ్యో, సార్!” అని గట్టిగానే అరిచినట్టున్నాను, ముందు సీటులో కూర్చున్నామె వెనక్కి తిరిగి “ఏమైందక్కా?” అని అడిగింది. దిగుదామని లేచేలోపే బస్సు కదిలింది. ఎప్పుడు పోయారో, ఎట్లా పోయారో చదవడానికి కూడా వీలు కాలేదు.

ఆయన నాకు చుట్టం కాదు, పక్కం కాదు. చివరిసారి చూసి ఏళ్లయింది. అయినా వరంగల్ దాకా మనసు మనసులో లేదు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కోపం కూడా ఉంది, నిజం చెప్పాలంటే అదే ఎక్కువ. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దని మా అమ్మ అంటుంది గానీ నాకది చేతకాదు. ఆ కోపం ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మనిషి ఎట్లా ఉండేవారో చెప్పాలి.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. నేను బీకాం పూర్తి చేసి జనగామ స్టేషన్ రోడ్డులో ఒక చిన్న షేర్ల ఆఫీసులో పనికి కుదిరాను. కింద ఎరువుల దుకాణం, పైన మేము. ఎండాకాలం ఆ మందుల వాసనకు తల పగిలిపోయేది. ఎవరైనా వచ్చి ఫలానాది కొనమంటే కంప్యూటర్‌లో కొనాలి, అమ్మమంటే అమ్మాలి. అదే నా పని. షేర్లతో పాటు డాలర్ మీద కూడా వ్యాపారం నడిచేది. డాలర్ అంటే చేతికి నోట్లు వస్తాయని కాదు. డాలర్ ధర పెరుగుతుందనుకుంటే కొనాలి, తగ్గుతుందనుకుంటే చేతిలో లేకపోయినా ముందు అమ్మి తర్వాత కొనాలి. మనం అనుకున్నట్టు జరిగితే లాభం, లేకపోతే జేబుకు చిల్లు. కొంచెం సొమ్ము కట్టి పెద్ద మొత్తానికి ఆడొచ్చు కాబట్టి వచ్చినా పోయినా గట్టిగానే ఉంటుంది. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో డాలర్ జోలికి పోయే ధైర్యం సార్‌కే ఉండేది.

సార్ రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. డోర్నకల్, మహబూబాబాద్ దిక్కు బండ్ల వెనక డబ్బాలో నిలబడి జీవితమంతా గడిపారు. రిటైరయ్యాక కూడా తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా మానలేదు. కుర్చీలోంచి లేచేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసేవారు. మెట్లు దిగేటప్పుడూ అంతే, రెండు మెట్లు దిగి ఆగి వెనక్కి చూసి మళ్లీ దిగేవారు. బండి చివరి డబ్బాలోంచి వెనక పట్టాలు చూసుకునే అలవాటు కాబోలు. మా ఓనరు నవ్వు ఆపుకోలేక “సార్, మీ ఎనుక పట్టాలు లెవ్వు, దిగుండ్రి” అనేవాడు. సార్ పట్టించుకునేవారు కాదు.

ఆర్డర్ పెట్టే ముందు ఆయన నన్ను తప్పకుండా ఒక మాట అడిగేవారు.

“లైన్ క్లియరా బిడ్డా?”

“క్లియర్ సార్” అని నేను చెప్పాలి. అప్పుడే కొనమనేవారు, అమ్మమనేవారు. ఒకరోజు పన్ను నొప్పితో చిరాగ్గా ఉండి “రెడ్ సార్, రెడ్డే రెడ్డు” అన్నాను. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. ఈ మహానుభావుడు సంచీ భుజానికేసుకుని, వెనక్కి ఒకసారి చూసి, ఇంటికి వెళ్లిపోయారు! మర్నాడు వచ్చి “ఇయ్యాల ఎట్లున్నది?” అని అడిగారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆయన వ్యాపారమంతా పివట్ మీద. ఆ లెక్క కష్టమైనదేం కాదు. నిన్న డాలర్ ఎక్కువలో ఎక్కువ ఏ ధరకు పోయింది, తక్కువలో తక్కువ ఎక్కడికి దిగింది, చివరికి ఎక్కడ ముగిసింది, ఈ మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే వచ్చేదే పివట్. దాన్ని పట్టుకుని పైన మూడు ధరలు, కింద మూడు ధరలు లెక్క కడతారు. ఇవాళ ధర ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ వెనక్కి తిరగొచ్చు అని ఒక అంచనా. పుస్తకాల్లో వాటికి ఏవో పేర్లున్నాయి. సార్ మాత్రం పివట్‌ను జంక్షన్ అనేవారు. పైవాటిని పై స్టేషన్లు, కిందివాటిని కింది స్టేషన్లు అనేవారు.

“జంక్షన్ మీదున్నదా, పై స్టేషన్ దాక పోతది. ఆడ ఆగితే మనం దిగాలె. ఆగకుండ దాటిందా, తర్వాతి స్టేషన్ దాక ఇంకెక్కడ ఆగది.”

“గిది రైలు కాదు సార్, డాలర్” అనేవాడు ఓనరు.

“డాలర్‌కు గూడ పట్టాలుంటయ్. నీకు కనవడయ్, గంతే.”

మా గదిలో గోడకు ఒక తెల్ల బోర్డు ఉండేది. సాయంత్రం మార్కెట్ ముగియగానే సార్ ఆ రోజు ఎక్కువ ధర, తక్కువ ధర, ముగింపు ధర బోర్డు మూలన రాసి వెళ్లేవారు. పొద్దున వచ్చి వాటితోనే లెక్క కట్టి స్టేషన్లన్నీ వరసగా రాసేవారు. పై స్టేషన్లు ఎర్ర సిరాతో, కిందివి ఆకుపచ్చతో. ఆ బోర్డు చూసి నేను కూడా ఎంతో నేర్చుకున్నాను. ఆయన ఎక్కువ ఆశపడేవారు కాదు. చిన్న చిన్నగా ఆడేవారు. అనుకున్న స్టేషన్ రాగానే దిగిపోయేవారు. అనుకున్నది తప్పితే ఎక్కడ బయటపడాలో ముందే ఆర్డర్ పెట్టించేవారు. దాన్నే స్టాప్‌లాస్ అంటారు. అది ఏ రోజుకారోజు మళ్లీ పెట్టుకోవాలి. అది పెట్టకుండా ఆయన ఒక్క రోజు కూడా ఆడింది లేదు, ఆ ఒక్క రోజు తప్ప.

కరెంటు పోతే ఆర్డర్లు హైదరాబాద్ పెద్దాఫీసుకు ఫోన్ చేసి చెప్పేవాళ్లం. అక్కడ ఫోనెత్తే అబ్బాయి ఒకడుండేవాడు. నా మాట వినగానే “ఏందమ్మా, గట్లనా, గిట్లనా?” అని వెక్కిరించేవాడు. నాకు మండిపోయేది గానీ ఉద్యోగం కదా, నోరు మూసుకునేదాన్ని. ఒకరోజు సార్ పక్కనే ఉండి విన్నారు. ఫోన్ తీసుకుని, కోపం లేకుండా, “బాబూ, నువ్వు నవ్వినంతసేపట్ల డాలర్ కదిలింది. నవ్వుడు అయిపోయినంక జర ఆర్డర్ పెట్టు” అన్నారు. వాడు మళ్లీ నా దగ్గర కిక్కురుమనలేదు. ఆ రోజు నేను సార్‌కు చాయ్‌తో పాటు రెండు సమోసాలు తెప్పించాను.

ఉద్యమం అంటే ఆయనకు ప్రాణం. మెడలో గులాబీ కండువా లేకుండా బయటికి వచ్చేవారు కాదు. రైలు రోకో నాడు జనగామ స్టేషన్‌లో పట్టాల మీద అందరికంటే ముందు కూర్చున్నారు. ఊరికే కూర్చుంటే ఆయన సారే కాదు! “గీడ కాదురా, గీడ కూసుంటే డ్రైవర్‌కు కనవడరు. సిగ్నల్ అవతలికి నడువుండ్రి. బండి ఆగేదానికి జాగ ఇయ్యాలె గద” అని అందరినీ లేపి, సిగ్నల్ అవతలికి నడిపించి, అక్కడ కూర్చోబెట్టారు. రైళ్లు నడిపిన మనిషి రైళ్లను ఆపడానికి కూడా రూల్ పెట్టారని స్టేషనంతా చెప్పుకుని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం అబ్బా, ఎంత జాగ్రత్త గల మనిషి అనుకున్నాను.

ఒకరోజు ఆయన తన ఖాతాలో ఎప్పుడూ లేనంత సొమ్ము వేశారు. నేను ఆశ్చర్యపోయి చూస్తే చెప్పారు.

“మా చెల్లె పైసలు బిడ్డా. భూపాలపల్లిల ఉంటది. ఆమె భూమి బొగ్గుబాయి కింద పోయింది. ఆ పైసలతోని మల్ల భూమి కొనాలె. బావ తాగుతడు, ఆయన చేతిల పడితే ఉండయ్. గందుకే నా దగ్గర పెట్టింది.”

“మరి డాలర్ల ఎందుకు సార్?”

“ఆడ భూమి ధర ఉరుకుతున్నది. పైసలు బ్యాంకుల కూసుంటే కూసున్నకాడనే ఉంటయ్. మనకు భూమి దొరికే వరకు పైసలు గూడ జర నడువాలె గద.”

ఎంత మంచి అన్న అనుకున్నాను. మా అన్న నా పుట్టినరోజు కూడా గుర్తుపెట్టుకోడు. చెల్లెలికి భూమి కొనిపెట్టాలని ఈయన పొద్దంతా బోర్డు ముందు నిలబడి లెక్కలు కడుతున్నారు! నెలలు గడిచాయి. ఆ సొమ్ము కొంచెం కొంచెంగా పెరుగుతూనే ఉంది. సాయంత్రం మార్కెట్ ముగియగానే ఆయన తెర వైపు చూసి “చెల్లె భూమికి ఇంకో గట్టు పడ్డది” అనేవారు. నాక్కూడా ఆ భూమి మీద ప్రేమ పుట్టింది. అది ఎక్కడుంటుందో, ఎంతుంటుందో తెలియదు. అయినా సార్ లాభంలో దిగిన రోజు నాకు కడుపు నిండినట్టుండేది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బడులు లేవు, బస్సులు లేవు. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికులు కూడా సమ్మెలోకి దిగారు. బొగ్గు తగ్గేసరికి కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. మధ్యమధ్య బంద్‌లు. బంద్ నాడు కొందరు షట్టర్ సగం లేపి లోపల వ్యాపారం చేసుకునేవారు. మా ఓనరుకూ ఆ ఆశ ఉండేది. సార్ వచ్చి మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

“సగం షట్టర్ లేపితే సగం తెలంగాణనే వస్తది. మొత్తం దించు.”

ఓనరు గొణుక్కుంటూ దించేవాడు.

ఒకసారి రెండు రోజుల బంద్ పిలుపు వచ్చింది. ముందు రోజు సార్ చేతిలో ఉన్నవన్నీ వదిలించుకున్నారు. బోర్డు మూలన మూడు ధరలు రాసి ఇంటికి వెళ్లారు. ఆ రెండు రోజులూ జనగామలో బంద్ ఎట్లా జరిగిందనుకున్నారు! చాయ్ దొరకలేదు. మందుల షాపు తప్ప ఏదీ తెరవలేదు. హైవే మీద ఎడ్లబండి కూడా కనపడలేదు. మూడో రోజు పొద్దున ఆఫీసు తెరిచేసరికి సార్ వెలిగిపోతూ వచ్చారు. “చూసినవా బిడ్డా! పిట్ట ఎగురలే. గిట్ల ఎన్నడన్న చూసినవా?” అంటూనే బోర్డు దగ్గరికి పోయి, మూలన రాసి ఉన్న మూడు ధరలతో లెక్క మొదలుపెట్టారు.

నేను కంప్యూటర్ పెట్టుకుంటూ చూశాను. ఆయన లెక్క కడుతున్నవి బంద్‌కు ముందు రోజు ధరలు. పివట్‌కు కావలసింది నిన్నటి ధరలు. మన దగ్గర బంద్ గానీ బొంబాయిలో ఏం బంద్?

“సార్, నడుమ రెండు దినాలు బొంబాయిల మార్కెట్ నడిచింది గద. నిన్నటి ధరలు తీసి ఇస్త, ఆగుండ్రి” అన్నాను.

ఆయన నవ్వారు. పిల్లలు తెలివితక్కువ మాట మాట్లాడితే నవ్వినట్టు నవ్వారు.

“బంద్ల నడిచింది లెక్కల ఎట్లొస్తది బిడ్డా? మనం లేము, మనసొంటోళ్లు ఎవరు లేరు. అది దొంగ లెక్క. మన నిన్న గిది” అని బోర్డు మూల మీద వేలితో కొట్టారు.

అప్పటికి తెర మీద ధర వచ్చింది. డాలర్ ఆ రెండు రోజుల్లో బాగా పైకి పోయి ఉంది. సార్ రాసిన మూడు పై స్టేషన్లనూ దాటేసి ఎక్కడో పైన నిలబడి ఉంది. అసలు నిన్నటి ధరలతో కట్టి ఉంటే అది జంక్షన్ దగ్గరే ఉండేది. పైకి పోవడానికి సిద్ధంగా ఉన్న బండి అది. సార్ బోర్డు ప్రకారం మాత్రం అది ఉండకూడని చోట ఉంది. ఆయన కళ్లు మెరిశాయి.

“పట్టాలు దిగినట్టే ఉన్నది. ఇంత మీదికి పోయింది ఆడ ఉండది. ఎనుకకు జంక్షన్‌కు రావాల్సిందే. అమ్ము.”

“ఎన్ని సార్?”

ఆయన చెప్పిన మాటకు నేను కుర్చీలోనే వెనక్కి తిరిగాను. చెల్లెలి సొమ్ము మొత్తం పెడితే గానీ సరిపోనంత! “సార్, ఎప్పుడు గిన్ని అమ్మలే మీరు” అన్నాను. “ఎప్పుడు గింత మీద లేకుండె” అన్నారు. స్టాప్‌లాస్ ఎక్కడ పెట్టాలని అడిగాను. అమ్మినప్పుడు దాన్ని ధరకు పైనున్న స్టేషన్ దగ్గర పెట్టేవాళ్లం. ఆయన బోర్డు వైపు చూశారు. ఎర్ర సిరాతో రాసిన చివరి స్టేషన్ కూడా కిందనే ఉండిపోయింది. “పైన ఇంక స్టేషన్ లేదు గద, ఏడ పెడ్తవ్? అక్కరలేదు. లైన్ క్లియరా?”

“నాకైతే కనవడత లేదు సార్” అన్నాను. ఆ మాటకు ఇంతకుముందైతే ఇంటికి వెళ్లిపోయేవారు. ఆ రోజు మాత్రం “నేను చూసిన, క్లియరే. అమ్ము” అన్నారు.

అమ్మాను. డాలర్ వెనక్కి రాలేదు. మధ్యాహ్నానికి ఇంకా పైకి పోయింది. సార్ పెరుగన్నం డబ్బా తెరవలేదు. సాయంత్రం దాకా తెర ముందు నిలబడే ఉన్నారు. “రేపు వస్తది” అన్నారు. ఆ రాత్రే మళ్లీ బంద్ పిలుపు వచ్చింది.

పొద్దున ఓనరు నన్ను బండి మీద ఎక్కించుకుని సార్ ఇంటికి తీసుకెళ్లాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు పాపం. “సార్, అయిదు నిమిషాలు. షట్టర్ కొంచెం లేపి, అమ్మింది మల్ల కొనేసి బయటపడుదం. ఎవ్వనికి తెల్వది. మీ చెల్లె పైసలు సార్” అని బతిమాలాడు. సార్ కండువా మెడలో వేసుకుంటూ ఉన్నారు.

“నిన్నటి దాక అందరి షట్టర్లు దించిపిచ్చిన. ఇయ్యాల నా కోసం లేపమంటవా?” అన్నారు. “లేపద్దు.”

ఓనరు హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు, అక్కడా బంద్. సార్ వెళ్లి చౌరస్తాలో కూర్చున్నారు. ఆ పొద్దంతా నినాదాలు ఇచ్చారు. ఆయన గొంతు నాకు వినపడుతూనే ఉంది. పక్కన కూర్చున్న వాళ్లెవరికీ తెలియదు, ఆ మనిషి చెల్లెలి భూమి అప్పుడే కరిగిపోతోందని. నాకు ఆయన మీద భక్తి కలిగింది. అవును, భక్తే. ఇంత మాట మీద నిలబడేవాళ్లు ఉంటారా అనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో!

మర్నాడు షట్టర్ లేపి కంప్యూటర్ పెట్టాను. బంద్ నాడు డాలర్ ఒక్కసారిగా ఎగిరింది. కట్టిన సొమ్ము సరిపోక పెద్దాఫీసు కంప్యూటరే దానంతట అది సార్ అమ్మినవన్నీ ఆ పై ధరకు తిరిగి కొనేసి లెక్క మూసేసింది. చెల్లెలి సొమ్ములో మిగిలింది నాలుగు గట్లకు కూడా సరిపోదు. సార్ తెర వైపు చూశారు, కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు, మళ్లీ తెర వైపు చూశారు.

“మనం మొత్తం ఆపినం గద బిడ్డా” అన్నారు. “బండ్లు ఆపినం, బాయిలు ఆపినం, బడులు ఆపినం. పిట్ట ఎగురలే. గా బొంబాయోనికి తెల్వనే లేదా?”

నేను ఏం చెప్పను? బొంబాయిలో ఎవరికీ తెలియదు సార్, మనం ఆగినట్టు కూడా తెలియదు అని చెప్పాలా? ఆయన అంత పెద్ద మనిషి, పసిపిల్లాడిలా నా మొహంలోకే చూస్తున్నారు. సొమ్ము పోయిందన్న దానికంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ కొట్టిందని నాకనిపించింది. ఓనరు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

గ్లాసు కింద పెట్టి “చెల్లెకు చెప్పాలె. నువ్వు నాతోని రా బిడ్డా. డాలర్ అంటే ఆమెకు తెల్వది. నేను తిన్ననుకుంటది. మిషన్ ముంగట కూసునేదానివి, నువ్వు చెప్తే నమ్ముతది” అన్నారు. మా అమ్మను అడిగి మర్నాడు బయల్దేరాను. బస్సులు లేవు. జీపు పట్టుకుని హన్మకొండ, అక్కడ ఇంకో జీపు ఎక్కి పరకాల మీదుగా భూపాలపల్లి.

భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద ఆ రోజు వంటావార్పు. సమ్మెలో ఉన్నవాళ్ల కుటుంబాలన్నీ రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో వండి, అక్కడే బంతులు తీర్చి తింటున్నారు. సార్ చెల్లెలు కొంగు నడుముకు దోపుకుని అన్నం వడ్డిస్తోంది. అన్నను చూడగానే ఆమె మొహం ఇంత చేసుకుని “అన్నొచ్చిండు! జనగామ నుంచి మా అన్నొచ్చిండు!” అని పక్కవాళ్లందరికీ చెప్పింది. నన్ను కూడా చేయి పట్టుకుని ఆకు ముందు కూర్చోబెట్టింది. సార్ కూర్చోలేదు.

“చెల్లె, నీ పైసలు పోయినయ్.”

“ఏ పైసలు?”

“భూమి పైసలు.”

ఆమె గరిటె పట్టుకుని నవ్వింది. “ఏడికి పోతయ్ అన్నా, బ్యాంకుల ఉన్నయ్ గద?”

“బ్యాంకుల లెవ్వు. డాలర్ల పెట్టిన.”

“డాలర్లేంది?”

నేను ఆకు ముందు నుంచి లేచి నిలబడ్డాను. నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఇన్ని నెలలు నేను నా చేతులతో కొని అమ్మిన సొమ్ము సంగతి, దాని సొంతదారుకు తెలియదు! బ్యాంకులో ఉందనుకుంటోంది! అన్ని స్టేషన్లు, అన్ని రూళ్లు, లైన్ క్లియరా అని పూట పూటా నన్ను అడగడాలు. అడగాల్సిన మనిషిని ఒక్కసారి అడగలేదు.

“సార్, అక్కకు తెల్వదా?” అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. “గీ బిడ్డ చెప్తది. నేను తినలే, లెక్క తప్పింది గంతే” అన్నారు. ఆమె నా వైపు తిరిగింది. నేనేం చెప్పాలి? పివట్ గురించి చెప్పాలా? బోర్డు మూలన రాసిన ధరల గురించి చెప్పాలా? “సార్ తినలేదు అక్కా” అని మాత్రం అన్నాను. అది నిజమే. కానీ ఆ నిజం పట్టుకుని ఆమె ఏం చేసుకుంటుంది?

బంతిలో కూర్చున్నవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. ఆమె అరవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. గరిటె గిన్నెలో పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుని, మామూలు గొంతుతోనే మాట్లాడింది.

“మా ఆయన తాగుతడని నీ దగ్గర పెట్టిన అన్నా. ఆయన పుట్టిన కాన్నుంచి సచ్చేదాక తాగినా గిన్ని తాగకపోవు.”

సార్ తలెత్తలేదు.

“బాయోళ్లు నా భూమి తీసుకునేటప్పుడు నోటీసిచ్చిండ్రు. ఊళ్లె మీటింగు పెట్టిండ్రు. ఏమంటవమ్మా అని నన్ను అడిగిండ్రు. నువ్వు నా అన్నవు. నువ్వు గా మాట గూడ అడగలే.”

అంతే అన్నది. మళ్లీ గరిటె తీసుకుని ఆయన ముందున్న ఆకులో అన్నం పెట్టింది. “కూసోని తిను, దూరం నుంచొచ్చినవ్” అని పక్క ఆకు దగ్గరికి పోయింది. సార్ ఆ ఆకు ముందు కూలబడ్డారు. నేను ఆ పక్కనే కూర్చున్నాను. అన్నం పొగలు పోయి చల్లారే దాకా కూర్చున్నాం. ఇద్దరం ముద్ద ముట్టలేదు.

తిరుగు జీపులో నాకు ఆపుకోవడం చేతకాలేదు. పరకాల దాటాక, మిగతావాళ్లు వింటున్నా సరే అని అడిగేశాను.

“నోటి మాటకు అడిగితే ఏం పోయేది సార్? మీరంటే గంత పాణం. అడిగితే ఇయ్యకపోవునా?”

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నారు. బయటకు చూస్తూ, ఎంతో మామూలుగా చెప్పారు.

“ఇయ్యకపోవు. అడిగితే వద్దంటదని నాకు ఎరుకే బిడ్డా. గందుకే అడగలే.”